గొర్రెలు లేని డివిజన్

"ఈ రోజు నుంచి జమ్మలమడుగు డివిజన్‌లో ఏదీ హఠాత్తుగా జరగదు" అని భవిష్యత్తు శాఖ మంత్రి బాల ఓబుళరెడ్డిగారు ప్రకటించారు. ప్రకటించిన మరుక్షణం కరెంటు పోయింది. కరెంటు పోతుందని ముందే తెలుసని, ప్రజలకు చెప్పేంత టైము దొరకలేదని జనరేటరు వేశాక ఆయన వివరించారు. సభ చప్పట్లు కొట్టింది.

ఆ సభకు ఫ్లెక్సీలు కట్టింది నేనే. ప్రొద్దుటూరులో జమాల్ డిజిటల్స్ ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. అన్ని పార్టీలకూ నేనే వేస్తాను. ముఖాలు మారుతుంటాయి గానీ వెనకాల మబ్బులు మాత్రం ఎప్పుడూ అవే. రాజకీయాలు నాకు తెలుసని ఎవరూ అపోహ పడొద్దు. ఫ్లెక్సీలు కట్టేవాడు సభకు అందరికంటే ముందొస్తాడు, విప్పుకోవాలి కాబట్టి అందరికంటే ఆఖర్న పోతాడు. మధ్యలో జరిగేదంతా చూడక తప్పదు. చూసినంత మేరకు మంత్రిగారి దూరదృష్టికి నేను ముగ్ధుణ్ణయ్యాను. పక్క జిల్లాలవాళ్లకు కూడా తెలియాలని పేపరుకు రాస్తున్నాను.

భవిష్యత్తుకంటూ ఒక శాఖ దేశం మొత్తం మీద మనకే ఉంది. వర్తమానానికి ఇంకా ఎవర్నీ వేయలేదు. ఈ శాఖ చేతిలో ఉన్న ఏఐ మిషన్ పేరు 'రేపటి కన్ను'. అసలు కంప్యూటర్లు బెంగళూరులో ఎక్కడో ఉన్నాయట. మన దగ్గరున్నది గోడంత స్క్రీను, దానికి వేసిన చామంతి దండ, పక్కన నిలబడే యశ్వంత్. యశ్వంత్ విజయవాడ కుర్రాడు. హోదా చీఫ్ ప్రిడిక్షన్ ఆఫీసర్. 'ప్రిడిక్టివ్ గవర్నెన్స్' అనే మాట అన్నం తినేటప్పుడు కూడా అంటాడు.

మంత్రిగారు దాన్ని జనానికి అర్థమయ్యే భాషలో చెప్పారు. "ఇన్నాళ్లూ ముందు జబ్బు వచ్చేది, యనకాల డాక్టరు వచ్చేటోడు. ఇంగ మీదట డాక్టరే ముందొస్తాడు."

"ఇప్పుడు యనకాల గూడా రాలేదు గదప్పా" అన్నారు జనంలో ఎవరో.

"అది పోయిన ప్రభుత్వం" అన్నారు మంత్రిగారు, మైకు దించకుండా.

మిషన్‌కు భవిష్యత్తు తెలియాలంటే ముందు డేటా తినిపించాలి. అందుకని ట్యాబులిచ్చి ఇంటింటికీ మనుషుల్ని పంపారు. 'మీ మాటే మీ భవిష్యత్తు' అని ఊరూరా ఫ్లెక్సీ కట్టే పని నాది. అలా కొండాపురం దగ్గర పునరావాస కాలనీకి పోయాను. గండికోట రిజర్వాయరులో ఊళ్లు మునిగినవాళ్లకు కట్టిన కాలనీ అది. అక్కడ చిన్నసుబ్బమ్మ అని నాకు తెలిసిన మనిషి ఉంది. ఆమె, భర్త పెంచలయ్య గొర్రెలు కాస్తారు. సభలైపోయాక నా దగ్గర మిగిలే పాత ఫ్లెక్సీలు తీసుకుపోయి గొర్రెపిల్లల దొడ్డికి పైన కప్పుకుంటుంది. మన జిల్లాలో గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ పక్కపక్కన నవ్వుతూ కనిపించే చోటు ఆ దొడ్డి ఒక్కటే.

ట్యాబు పట్టుకొచ్చింది నందిని అనే కమలాపురం అమ్మాయి.

"అక్కా, గొర్రెలెన్ని ఉండాయి?"

"యాడివి పాపా గొర్రెలు."

దొడ్లో గొర్రెలు అరుస్తున్నాయి. నందినికి చెవులున్నాయి. "మరి ఆ అరుపులేంది?"

"అవా. అవి గొర్రెలే."

"అవే, ఎన్ని?"

"ల్యావు."

పక్క జిల్లాలవాళ్లకు ఇది అబద్ధంలా అనిపించొచ్చు. ఇది అబద్ధం కాదు, మర్యాద. గొర్రెలు కాసేవాళ్లు మంద లెక్క నోటితో చెప్పరు. చెబితే దిష్టి తగిలి మంద తరుగుతుందని భయం. సాయంత్రం దొడ్లోకి తోలేటప్పుడు ఒక్కటి తగ్గినా ఏది తగ్గిందో, దాని తల్లి ఏదో కూడా చెబుతారు, అంకె మాత్రం పెదవి దాటనివ్వరు. సేద్యగాళ్లూ అంతే. ఇంటి నిండా శనగ మూటలు పెట్టుకుని "ఏం పంటప్పా, అంతా పాయ" అంటారు. అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు. పాతకాలం కరణాలు 'ల్యావు' అనే మాట విని, దొడ్డివైపు ఒక చూపు చూసి, తమకు తోచింది రాసుకుని పోయేవాళ్లు. మిషన్ ఈ ప్రాంతానికి కొత్త.

నందిని ఈ ప్రాంతం పిల్లే కాబట్టి తోచింది వేద్దామనే చూసింది. ట్యాబు ఒప్పుకోలేదు. ఓనరు చెప్పిన అంకె తప్ప ఇంకేదీ ఎక్కదట. "అక్కా, ఏదో ఒక అంకె చెప్పక తప్పదు" అంది.

సుబ్బమ్మక్క ఆలోచించింది. "సున్నా ఏసుకో పాపా. సున్నాకు దిష్టి తగల్దు."

నందిని సున్నా వేసింది. డివిజన్లో గొర్రెలున్న ప్రతి ఇంటి ముందూ ఇదే మర్యాద ఇదే పద్ధతిలో జరిగిందని తర్వాత తెలిసింది.

ఫలితాల పండగ జమ్మలమడుగులో పెట్టారు. మంత్రిగారు బటన్ నొక్కారు. స్క్రీను మీద అక్షరాలు వెలిగాయి. జమ్మలమడుగు డివిజన్, గొర్రెలు, లేవు.

మంత్రిగారు ఒక క్షణం తెల్లముఖం వేశారు. ఆయనదీ ఈ మట్టే కదా. ఎరువు కోసం వాళ్ల చేలల్లో గొర్రెల మందలు కట్టించుకుంటూ పెరిగిన మనిషి. యశ్వంత్ చెవి దగ్గరికి వంగి, "సార్, ఇండియాలో ఇదే ఫస్ట్ టైమ్" అన్నాడు. ఆ మాటతో ఆయన ముఖం కళకళలాడింది.

"దేశంలోనే గొర్రెలు లేని మొట్టమొదటి డివిజన్‌గా మనం చరిత్ర సృష్టించినాం" అన్నారు. గొర్రెల కాపర్లు కూడా చప్పట్లు కొట్టారు. చరిత్ర అనే మాట వస్తే చప్పట్లు కొట్టాలని వాళ్లకు అలవాటు.

తర్వాత మిషన్ డివిజన్ మొత్తానికి అతి నిరుపేద కుటుంబాన్ని చూపించింది. ఇల్లు లేదు, వాహనం లేదు, సెంటు భూమి లేదు, ఒంటి మీద బంగారం లేదు. పేరు చూస్తే మంత్రిగారిదే. ఎన్నికల అఫిడవిట్‌లో ఆయన తన చేత్తో రాసిచ్చిన వివరాలు అవి. ఆస్తులన్నీ బావమరిది పేరు మీదున్న సంగతి మిషన్‌కు ఎవరూ చెప్పలేదు. తహసీల్దారు స్వాతిగారు కంగారుగా "సార్, తీసేయించమంటారా" అని అడిగారు. "వద్దమ్మా. టెక్నాలజీని మనమే గౌరవించకపోతే ఎట్ల" అన్నారు మంత్రిగారు. ఆ నిగర్వానికి సభ లేచి నిలబడింది. కొండాపురం కాలనీ మూలన ఆయన పేరుతో ఇంటిపట్టా వేదిక మీదనే ఇచ్చారు.

మధ్యాహ్నం భోజనాలకు రాగిసంగటి, పొట్టేలు కూర. మంత్రిగారు మూలుగ ఎముక జుర్రుకుంటూ "శానా బాగుంది, యాడిది?" అన్నారు.

"పాత స్టాకు సార్" అన్నాడు అనుచరుడు హరికృష్ణ.

గొర్రెలు లేవని తేలాక ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పశువుల ఆసుపత్రిలో ఉన్న గొర్రెల టీకాలను ఎక్కడో గొర్రెలున్న జిల్లాకు పంపేశారు. డాక్టరును డిప్యుటేషన్ మీద చేపల శాఖకు మార్చారు. మంద మేసే కొండవాలు ఎవరికీ పనికిరాకుండా పడి ఉందని మిషన్ సూచించడంతో, అక్కడ మిషన్‌కే ఒక డేటా సెంటర్ కట్టాలని చుట్టూ ముళ్లకంచె వేశారు.

వానలు దగ్గర పడ్డాయి. ఆ రోజు నేను జమ్మలమడుగు భవిష్యత్ భవన్ లోపల, స్క్రీనున్న గదిలో కొత్త బోర్డు కడుతున్నాను. నిచ్చెన మీదుండగానే సుబ్బమ్మక్క వచ్చింది.

"టీకాలాయన యాడుండాడప్పా?" అని యశ్వంత్‌ను అడిగింది.

"ఏం టీకాలమ్మా?"

"చిటుకు రోగం టీకాలు. తొలకరికి లేచిన లేతగడ్డి మేస్తే నిలబడిన గొర్రె నిలబడినట్టే పడి సస్తాది. రోగమొచ్చినాక ఏం చేసినా దండగ. వాన పడకముందే ఎయ్యాల."

యశ్వంత్ ముఖం వెలిగిపోయింది. "ముందే వేయాలి. చూశారా, అదేనండి ప్రిడిక్టివ్ అంటే. మా కాన్సెప్ట్ కూడా అదే."

"అయితే ఎయ్యి నాయనా."

"కానీ మీ డివిజన్లో గొర్రెలు లేవు కదండి."

"మీ మిషన్లో ల్యాకపోతే ల్యాకపాయ. నా దొడ్లో ఉండాయి."

యశ్వంత్ చెడ్డవాడు కాదు. ట్యాబులో అటూ ఇటూ వెతికి, ఒక దారి ఉందన్నాడు. స్క్రీను ముందు నిలబడి ఓనరు తన గొంతుతో గొర్రెల సంఖ్య చెబితే రికార్డు సరిదిద్దుకుంటుంది. టీకాలు మర్నాడే తిరిగొస్తాయి.

సుబ్బమ్మక్క స్క్రీను ముందుకు పోయి నిలబడింది. నోరు తెరిచింది, మూసింది. నిచ్చెన మీదున్న నావైపు చూసింది. "జమాలప్పా, నువ్వు చెప్పకూడదా."

"ఓనరే చెప్పాలండి" అన్నాడు యశ్వంత్.

"మా అత్త చెప్పలా, మా అమ్మ చెప్పలా. ఊరు మునిగినప్పుడు ఇల్లు, సేను, చింతచెట్టు అన్నీ లెక్క చెప్పమన్నారు, చెప్పినా. అన్నీ పాయ. ఈ లెక్క ఒగటే చెప్పలా, ఇవే మిగిలినాయి. ఇప్పుడు చెప్పి ఇవి గూడా పోతే నా మొగం యాడ పెట్టుకునేది?"

ఆ ఏసీ గదిలో ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆఖరికి ఆమెకు చేతనైనంత దగ్గరి జవాబు చెప్పింది. "దేవుడెన్ని ఇచ్చినాడో అన్ని."

స్క్రీను మీద చక్రం కాసేపు తిరిగింది. తర్వాత మిషన్ తియ్యటి ఆడగొంతుతో, "దేవుని పేరిట ఉన్న గొర్రెల వివరాలు దేవాదాయ శాఖ పరిధిలోకి వస్తాయి. మీ వినతిని అక్కడికి పంపించాము" అంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియక తాడు మీద చూపించాను. ఆ బోర్డు ఇప్పటికీ ఒకవైపు వంకరగానే ఉంటుంది.

డేటా సెంటర్ శంకుస్థాపనకు మంత్రిగారు డ్రైవరు లేని కారులో వచ్చారు. ఆ కారు దానంతటదే నడుస్తుంది. దారి గురించి దానికి తెలియనిది లేదు, రేపటి కన్నుతో కనెక్షన్ ఇచ్చారు మరి. కొండకు కంచె పడ్డాక పెంచలయ్య మందను రోడ్డు పక్కనే మేపుకుంటున్నాడు. కొండాపురం దాటి కాలనీ మలుపు దగ్గర కారుకు ఎదురుగా మంద వచ్చింది. కారు ఆగింది.

"ముందు దారి ఖాళీగా ఉంది" అని కారు చెప్పింది, అదే తియ్యటి గొంతుతో. కానీ కదల్లేదు. "ముందు అడ్డంకి ఉంది" అంది. మళ్లీ "దారి ఖాళీగా ఉంది" అంది. కళ్లకు గొర్రెలు కనిపిస్తున్నాయి, డేటాలో గొర్రెలు లేవు. దేన్ని నమ్మాలో తేలేదాకా సేఫ్టీ కోసం తలుపులు కూడా తెరవదట. మంద కారు చుట్టూ సర్దుకుంది. ఒక పొట్టేలు అద్దంలో తన ముఖం చూసి తలతో కుమ్మసాగింది. లోపల మంత్రిగారు చెమటలు కక్కుతున్నారు.

వెనక బండిలో వచ్చిన యశ్వంత్ మందను తోలమంటే పెంచలయ్య తన భార్యను అడగమన్నాడు. యశ్వంత్ పరుగున కాలనీలోకి పోయి సుబ్బమ్మక్కను పిలుచుకొచ్చాడు. "అమ్మా, ఆ గొర్రెల్ని తోలండి."

"యాడివి నాయనా గొర్రెలు."

మలుపు దగ్గర స్వాగతం ఫ్లెక్సీ కడుతూ నేను అక్కడే ఉన్నాను. నవ్వకుండా ఉండటానికి నానా కష్టాలు పడ్డాను. ఈలోగా మంత్రిగారు లోపలి నుంచి ఏం నొక్కారో, అద్దం నాలుగు వేళ్లు పట్టేంత దిగింది. ఆ సందులోంచి సభల్లో ఎప్పుడూ వినని గొంతు బయటికొచ్చింది.

"సుబ్బమ్మా, నేను బాలోబుళును. మీ నాయన మా సేన్లో మంద కట్టినోడే గదా. తోలు తల్లీ."

సుబ్బమ్మక్క అద్దం దగ్గరికి పోయింది. "మంద కట్టినప్పుడు గొర్రెలెన్నని మీ నాయన అడిగినాడా?"

"అడగలా."

"ఏం జేసినాడు?"

"మందను సూసి కూలికి జొన్నలు కొలిచినాడు."

"మరి నువ్వేంది, సూసే కండ్లుండి లెక్క అడుగుతాండావు?"

కారు మధ్యలో ఒకసారి దారి ఖాళీగా ఉందని గుర్తు చేసింది. మంత్రిగారు ఆ సందులోంచి చెయ్యి బయటికి పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నారు. "రేపు మధ్యాన్నానికి టీకా, డాక్టరు, రెండూ నీ దొడ్డికాడ ఉంటాయి. మా నాయన మీద ఆన" అన్నారు. నాకు కళ్లు చెమర్చాయి. మనస్ఫూర్తిగానే అన్నారని ఇప్పటికీ నమ్ముతాను.

ఆమె నాలుక మడిచి ఒక శబ్దం చేసింది. మంద రెండుగా చీలింది. కారు, "నేను చెప్పినట్టే దారి ఖాళీగా ఉంది" అని వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఆమె ఫోనుకు మెసేజీ వచ్చింది. చదివిపెట్టమని నాకిచ్చింది. 'మీ సమస్య రేపు పరిష్కారమవుతుందని రేపటి కన్ను అంచనా వేసింది. కావున ఈ రోజే మూసివేయడమైనది. మీరు సంతృప్తి చెందినందుకు ధన్యవాదాలు.'

"అంటే, రేపు వస్తారనా?" అంది.

"వచ్చిపోయినట్టంటక్కా" అన్నాను.

ఆమె నమ్మలేదు. మంత్రి ఆన పెట్టుకున్నాడు కదా అని మర్నాడంతా దొడ్డి దగ్గరే కూర్చుంది. ఆ పైన ప్రొద్దుటూరు వచ్చి మందుల షాపులన్నీ తిరిగితే, అవి ప్రభుత్వం టీకాలు, మా దగ్గర దొరకవన్నారు. పెంచలయ్య తాడిపత్రి పోతే, అక్కడి డాక్టరు మీ డివిజన్ నుంచి గొర్రెలున్నట్టు కాగితం తెమ్మన్నాడు. నేను స్వాతి మేడమ్‌ను కలిసి కాగితం అడిగాను. ఆమె పాపం తలవంచుకుని, "లేని గొర్రెలకు ఉన్నట్టు రాస్తే నా ఉద్యోగం పోతుంది జమాల్" అంది.

వాన పడింది. మంచి వాన. కంచె పక్కన, రోడ్డు పక్కన పచ్చగా లేతగడ్డి లేచింది. కాలనీలోనే కాదు, డివిజన్లో టీకా పడని మందలన్నీ ఆశగా మేశాయి. నేను విని పోయేసరికి సుబ్బమ్మక్క దొడ్లో అరుపులు లేవు. చచ్చిన గొర్రెల మీద, కుక్కలు పీకకుండా, దొడ్డి పైకప్పు తీసి కప్పింది. అందరు నాయకులూ నవ్వుతున్నారు. పెంచలయ్య గుంట తవ్వుతున్నాడు. ఆమె ఏడవలేదు, నన్ను చూసి "ఈ ఫ్లెక్సీలు బాగా గట్టివప్పా" అంది. నేను మాత్రం ఏడ్చాను. అది ఇక్కడ రాయాల్సిన సంగతి కాదు గానీ, రాస్తున్నాను.

ఇక అసలు శుభవార్త. ఏఐ మిషన్ల అంచనాలు నిజమో కాదో తేల్చే ఒక జాతీయ సంస్థ నుంచి బృందం వచ్చి డివిజనంతా తిరిగింది. ఏ దొడ్లోనూ ఒక్క గొర్రె కనిపించలేదు. రేపటి కన్నుకు నూటికి నూరు మార్కులు వేశారు. ఇంత కచ్చితమైన అంచనా తామెక్కడా చూడలేదని బృందం పెద్ద ఆశ్చర్యపోయాడు. అవార్డు సభ పులివెందుల ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఫ్లెక్సీలు నావే.

ముందు వరుసలో 'గొర్రెల కాపర్లు' అని కాగితాలు అంటించిన కుర్చీలు వేశారు. అంచనా నిజమైందని కళ్లారా చూసినవాళ్లు కాబట్టి వాళ్లను ప్రత్యేకంగా బస్సు పెట్టి పిలిపించారు. సుబ్బమ్మక్క ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. పెంచలయ్య రాలేదు.

"మిషన్ సున్నా అన్నప్పుడు నవ్వినోళ్లు ఇప్పుడు యాడుండారు?" అన్నారు మంత్రిగారు, అవార్డు ఎత్తి చూపిస్తూ. ఆయన నిజాయితీగానే సంతోషంగా ఉన్నారు. సుబ్బమ్మక్కను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. రెండు ముక్కలు మాట్లాడమని మైకు ఇచ్చారు.

ఆమె మైకు తీసుకోలేదు. స్క్రీను వైపు తిరిగింది. వేళాకోళం కాదు, ఎరుకలామెకు చెయ్యి చాపి సోది అడిగినట్టు నిజంగానే అడిగింది.

"గొర్రెల సంగతి నువ్వు చెప్పిందే అయింది. ఇంగ నేనెట్ల బతకాలనో అది గూడా నువ్వే చెప్పు."

మంత్రిగారు యశ్వంత్ వైపు చూశారు. యశ్వంత్ ట్యాబు మీద వేళ్లు ఆడించాడు. ఈసారి చక్రం తిరగలేదు, మిషన్ వెంటనే చెప్పింది. స్క్రీను మీద అక్షరాలు వెలిగాయి. జమ్మలమడుగు డివిజన్, గొర్రెల కాపర్లు, లేరు.

"సార్, ఇది కూడా ఇండియాలో ఫస్టే" అన్నాడు యశ్వంత్, మైకు ఆన్‌లో ఉన్న సంగతి మరిచిపోయి.

మంత్రిగారు గొంతు సవరించుకున్నారు. "దేశంలోనే" అని మొదలుపెట్టారు. మిగతా మాటలు చప్పట్లలో వినిపించలేదు.

సుబ్బమ్మక్క శాలువాతో కిందికి దిగి తన కుర్చీలో కూర్చుంది. హరికృష్ణ వంగి, మర్యాదగానే, ఆమె చెవిలో చెప్పాడు.

"అమ్మా, ఇవి కాపర్లకని వేసిన కుర్చీలు. కాపర్లు ల్యారంట గదా. లెయ్యమ్మా, డేటా సెంటరు కాంట్రాక్టరు నిలబడుకోనుండాడు."

ఆమె లేచింది. హరికృష్ణ కుర్చీ వెనకున్న కాగితం పీకేసి, కండువాతో కుర్చీ తుడిచి, కాంట్రాక్టరును కూర్చోబెట్టాడు.